సముద్రంలో రెండు గుంటలు

మెహిదీపట్నం నుంచి చేవెళ్ళ పోయే బస్సులో నేను కండక్టరుగా చేరిన కొత్తలో ఆ రోడ్డు మీది స్టేజీల పేర్లు ఉన్నదున్నట్టు ఉండేవి. మామిడితోట అని పిలిస్తే దిగినవాడికి మామిడితోట కనబడేది. ఇటుకబట్టీ దగ్గర నిజంగానే ఇటుకలు కాలుతుండేవి. మొయినాబాద్ దాటి కొంచెం పోయాక మోటబాయి అని కేకేస్తే రోడ్డు పక్కనే మా తాత తవ్వించిన మోటబావి ఉండేది. అది మా పొలం. మా బాపు, అంటే మా నాన్న, గట్టు మీద నిలబడి నా బస్సును చూసి తుండుగుడ్డ ఊపేవాడు. నేను విజిల్ ఊదేదాన్ని. బస్సు ఆపాలో పోనివ్వాలో తెలియక డ్రైవరు విసుక్కునేవాడు.

ఇప్పుడు తోట లేదు, బట్టీ లేదు, బావి లేదు. పేర్లు మిగిలాయి. వాటిని కూడా మిగలనిచ్చేలా లేరు. కారు సర్వీసింగుకు ఇచ్చి బస్సెక్కిన ఒక పెద్దమనిషి మొన్నీమధ్య నాకు సలహా ఇచ్చాడు. మోటబాయి అంటే ఎవరికీ అర్థం కాదట, తమ కమ్యూనిటీ పేరు పిలిస్తే వచ్చేపోయేవాళ్లకు సులువట. నా ఒళ్లు మండింది. ఆయన మెట్లు దిగేదాకా మోటబాయి, మోటబాయి అని అరుస్తూనే ఉన్నాను.

ఆ కమ్యూనిటీ పేరు నేనిక్కడ రాయను. అందులో సముద్రపు ఒడ్డు అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటుంది. చేవెళ్ళకూ సముద్రానికీ మధ్య ఒక రాత్రంతా రైలు ప్రయాణం ఉంది. అయినా గేటు మీద సిమెంటుతో అల చేశారు. అల మీద రెండు తెల్ల పిట్టలను నిలబెట్టారు. లారీల్లో కొబ్బరిచెట్లు తెచ్చి నాటారు. మా బావి పూడ్చి, దాని పక్కనే ఈతకొలను తవ్వి, కొలను చుట్టూ ఇసుక పోశారు. నీళ్లున్న బావిని పూడ్చి నీళ్ల ట్యాంకర్లు తెప్పించుకునే తెలివి ఏ చదువులో నేర్పుతారో నాకు తెలియదు. ఊరివాళ్లకు ఆ పేరు నోరు తిరగదు. అందుకని సముద్రం అంటారు. సముద్రంలో పనికి పోతున్నానంటుంది ఒకామె. సముద్రంలో కరెంటు పోయిందంటాడు ఇంకొకాయన. మా బాపు సమాధి ఉన్నది ఆ సముద్రంలోనే.

ఈ రోడ్డు ఎట్లా పెరిగిందని ఎవరైనా అడిగితే నేను లెక్కలు చెప్పలేను. ఏ స్టేజీలో ఎవరు ఎక్కారో చెబుతాను. మొదట్లో తెల్లవారుజాము ట్రిప్పంటే పూల ట్రిప్పు. చేవెళ్ళలో చామంతి మూటలు ఎక్కేవి, కనకమామిడి దగ్గర కొత్తిమీర కట్టలు, ఆ తర్వాత టమాట బుట్టలు. షాబాద్ వైపు రైతులు ముందు బస్సులో వచ్చి చేవెళ్ళలో నా బస్సు కోసం బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవారు. మూటల మీద కాలు పెట్టొద్దని వాళ్లు, మరి కాలు ఎక్కడ పెట్టాలని నేను, మొయినాబాద్ వచ్చేదాకా ఇదే పంచాయితీ. ఇంటికి పోయినా నా చీరలో చామంతి వాసన పోయేది కాదు.

తర్వాత కాలేజీలు వచ్చాయి. పట్నం పిల్లలు అటునుంచి ఎక్కడం మొదలైంది, పాసు చూపించమంటే ఒక్కడూ చూపించడు. తర్వాత ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, పట్టుచీరలు కట్టుకున్నవాళ్లు ముహూర్తానికి ఆలస్యమైందని డ్రైవరును తొందరపెట్టేవారు. మా ఊళ్ల నీళ్లన్నీ గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి పోతాయి కాబట్టి ఇక్కడ పెద్ద కట్టడాలు వద్దని సర్కారు జీవో ఒకటి ఉండేది. దాన్ని మావాళ్లు తిట్టని రోజు లేదు. అది ఉందని ఒకడు, పోయిందని ఒకడు, మళ్లీ వస్తుందని ఒకడు, ఇప్పటికీ నా బస్సులో ఈ ముచ్చట తెగదు. జీవో ఉండగానే ఫారం హౌసులు లేచాయి. గోడలు లేచాయి. ఆదివారాలు ప్లాట్లు చూసేవాళ్లు ఎక్కి, శంకర్‌పల్లి ఎంత దూరం, ఎయిర్‌పోర్టు ఎంత దూరం అని నన్నే అడిగేవారు. కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీ అనగానే ఆ మూల రేట్లు కూడా చెప్పమనేవారు. నేను టికెట్లు కొట్టే మనిషిని, భూములమ్మే మనిషిని కాదని ఎన్నిసార్లు చెప్పానో.

ఇప్పుడు పొద్దున ట్రిప్పులో పూలు లేవు. ఊళ్ల ఆడవాళ్లు ఎక్కి, ఒకటి రెండు స్టేజీలు పోయి, ఏదో ఒక పెద్ద గేటు ముందు దిగుతారు. వాళ్ల మెడల్లో కార్డులు వేలాడుతుంటాయి. అందులో సగం మంది, తాము ఊడ్చే జాగాలో ఒకప్పుడు తామే నాట్లు వేసినవాళ్లు.

బాపు పోయింది ఇదంతా మా గట్టు దాకా రాకముందే. పొద్దున నీళ్లు మళ్లించి గట్టు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. మా ఇళ్లల్లో పోయినవాళ్లను సొంత పొలంలోనే పెడతారు. ఆయనను బావికి ఎగువన పెట్టాం. అన్న సిమెంటు గద్దె కట్టించాడు. పక్కన ఇంకొకరికి సరిపడా జాగాను మా అవ్వ విడిచిపెట్టించింది. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఆ జాగా ఎవరికోసమని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అందులో మొలిచిన గడ్డి మాత్రం ఇంకొకరిని పీకనిచ్చేది కాదు.

కొన్నేళ్లకు చుట్టూ పొలాలన్నీ అమ్ముడుపోయాయి. మధ్యలో మాది ఒక్కటే పచ్చగా మిగిలింది. కూలీలు దొరకరు, అన్నకు నడుము నొప్పి, అటూ ఇటూ గోడలు లేచి ట్రాక్టరు తిరగడానికి చోటు లేదు. అమ్మక తప్పదని అన్న అన్నాడు. నేను కాదనలేదు. అవ్వ ఒక్కటే మాట చెప్పింది.

"అమ్ముకునేది అమ్ముకోండ్రి. మీ బాపును, నన్ను అమ్మకుండ్రి."

అందుకని సమాధి చుట్టూ రెండు గుంటలు, అంటే రెండు వందల నలభై గజాల జాగా, మినహాయించి మిగతాది అమ్మాం. అన్న ఎంత ముందుచూపు గలవాడో అని చుట్టాలు మెచ్చుకున్నారు. అందరూ సమాధులతో సహా అమ్మేసి పట్నంలో అపార్ట్‌మెంట్లు కొంటుంటే, మావాడు తండ్రి జాగా కాపాడాడన్నారు. అన్న కూడా ఆ మాటను చాలా రోజులు నలుగురికీ చెప్పుకున్నాడు.

మేము చేసిన తప్పు వేరే ఉంది. మా వైపు బాటను ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు, ఎవరూ రాయించుకోరు. పంట ఉన్నప్పుడు గట్టు మీద నడుస్తాం, కోత అయ్యాక పొలానికి అడ్డంపడి నడుస్తాం. ఆ గట్టు ఎవరిదని చూడం. పాలివాడితో, అంటే దాయాదితో, ఏళ్లతరబడి మాటల్లేని మనిషి కూడా వాడి గట్టు మీదినుంచే తన పొలానికి పోతాడు, మొహం పక్కకు తిప్పుకుని. గట్టు మీద మనిషిని ఆపినవాడిని మా ఊళ్లో నేను చూడలేదు. అట్లాంటివాళ్లం మేము రెండు గుంటలకు నాలుగు హద్దులు రాయించాం. తూర్పున కొన్నవాళ్ల భూమి. పడమర వాళ్లదే. ఉత్తరం, దక్షిణం వాళ్లవే. రిజిస్ట్రేషన్ రోజు చదివి వినిపించారు. అన్న, చిన్నాయన, నేను, అందరం తలలూపి సంతకాలు పెట్టాం. అందులోకి ఎటునుంచి పోవాలన్నది ఒక్కరికీ తట్టలేదు. కాళ్లున్నవాడికి బాట ఉంటుందనుకునే మనుషులం మరి.

కొన్నాయన మంచివాడే. ఎప్పుడైనా రావచ్చు అవ్వా, ఇది మీ ఇల్లే అన్నాడు. రాళ్లు పాతిన ప్లాట్లు ఉన్నన్నాళ్లూ అట్లాగే పోయివచ్చాం. తర్వాత ఆయన విల్లాలు కట్టి, అమ్మి, వెళ్లిపోయాడు. ప్రహరీ మిగిలింది, గేటు మిగిలింది, అసోసియేషన్ అని ఒకటి పుట్టింది. ఆయన ఇచ్చిన మాట ఆయనతోనే పోయింది.

గేటు పెట్టిన ఏడాది పెత్రామాస నాడు అవ్వను తీసుకుని నేనూ అన్నా పోయాం. పెత్రామాస అంటే మాకు పోయినవాళ్ల పండుగ. వాళ్లు బతికినప్పుడు ఏది ఇష్టపడి తిన్నారో అది వండి సమాధి దగ్గర పెడతాం. అవ్వ జొన్నరొట్టెలు చేసింది, కోడికూర వండింది. ఒక చిన్న సీసాలో కల్లు పోసుకుంది, కొంగున బీడీ కట్ట కట్టుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పలకలాంటి ఫోను ఒకటి ఉంది. ఏ విల్లాకు పోవాలని అడిగాడు. మా ఇంటాయన దగ్గరికి అని అవ్వ చెప్పింది. సారు నెంబరు చెప్పండి, ఆయన ఫోనుకు మెసేజ్ పోతుంది, ఆయన ఓకే కొడితే గేటు తీస్తాం అన్నాడు.

"ఆయన ఓకే గొట్టడు కొడుకా," అంది అవ్వ. "కొట్టేటోడైతే నేను గీ గిన్నెలు మోసుకొని ఎందుకొస్త?"

నేను విషయం చెప్పాను. ఆయన పాపం ఆ పలకను వెనక్కి దాచుకున్నాడు. శ్రీకాకుళం వైపు సముద్రం పక్క ఊరి మనిషట, నడివయసువాడు. తన చేతిలో ఏమీ లేదని, సెక్రటరీ గారు రావాలని చెప్పి, అవ్వకు తన కుర్చీ వేశాడు. సెక్రటరీ వాకింగ్‌లో ఉన్నారు. తర్వాత స్నానంలో ఉన్నారు. తర్వాత బతుకమ్మ ఏర్పాట్లలో ఉన్నారు. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ కదా, లోపల పెద్ద మైకు పెట్టి పాటలు వేస్తున్నారు. మా ఊరి నుంచే తంగేడు పూలు, గునుగు పూలు ఆటోల్లో లోపలికి పోతున్నాయి. వాటిని ఎవరూ ఆపడం లేదు. కూర చల్లారిపోయింది. అన్న ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. నేను వాచ్‌మన్ మీద అరవలేక, అరవకుండా ఉండలేక అటూ ఇటూ తిరుగుతున్నాను. అవ్వ మాత్రం ఆ కుర్చీలో కదలకుండా కూర్చుని గేటునే చూస్తోంది. పెద్ద గేటు పక్కన చిన్న ఇనుప తలుపు ఒకటుంది. పనివాళ్లు మెడలో కార్డు చూపించి అందులోంచి పోతున్నారు, వస్తున్నారు. అప్పుడు ఆమె ఏం చూస్తోందో నాకు తెలియలేదు.

చివరికి సెక్రటరీ వచ్చాడు. రిటైరైన ఆఫీసరు, మాట చాలా మెత్తన. తమకు సెంటిమెంట్లంటే రెస్పెక్ట్ ఉందన్నాడు. ఈసారికి పోయిరండి అన్నాడు. కల్లు సీసా, బీడీలు మాత్రం గేటు దగ్గర పెట్టమన్నాడు, లోపల రూల్సు ఒప్పుకోవట. అవ్వ సీసా ఇచ్చింది. బీడీ కట్ట సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

లోపల సమాధి చుట్టూ రంగురంగుల ఆకుల మొక్కలు కంచెలాగా పెంచారు. గద్దెకు కుంకుమ పెట్టి ఉంది, ఎవరో కొబ్బరికాయ కొట్టిన చిప్పలు ఉన్నాయి. కొందరు అది గ్రామదేవత గద్దె అనుకుని మొక్కుతున్నారని, ఇంకొందరు వాస్తుకు దోషమని తీయించమంటున్నారని సెక్రటరీ చెప్పాడు. ఈ రెండు పార్టీల మధ్య తాను నలిగిపోతున్నాడట.

"ఒక్కనాడు గుడి మెట్టెక్కలే, ఈయనను దేవున్ని జేసిండ్రా," అని అవ్వ కొంగుతో ఆ కుంకుమ తుడిచింది.

పక్కన ఆమె కోసం విడిచిన జాగాలో ఇనుప బెంచీ వేసి ఉంది. పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు కూర్చోవడానికట. నేను అన్న మొహం చూశాను. అన్న నేల చూపులు చూశాడు. అవ్వ రొట్టె, కూర పెట్టి, నీళ్లు చల్లి, బీడీ ఒకటి వెలిగించి గద్దె మీద ఆనించి, పోయి ఆ బెంచీ మీద కూర్చుంది. నాకు మాత్రం ఆ బెంచీని పెకలించి ఈతకొలనులో పడేయాలనిపించింది.

ఆ నెలలోనే సెక్రటరీ ఇంకొకాయనను వెంటబెట్టుకుని మా అన్న ఇంటికి వచ్చాడు. డ్రై ఫ్రూట్స్ డబ్బా తెచ్చాడు. వాళ్ల ప్రతిపాదన ఏమిటంటే, సమాధిని అక్కడినుంచి తీయించి ఊరి శ్మశానంలో నల్లరాయితో అందంగా కట్టిస్తారు, ఖర్చంతా వాళ్లదే. రెండు గుంటలకు బదులు ఇంకోచోట జాగా ఇస్తారు. అందరికీ మంచిదే కదా అన్నాడు. అన్న వార్డు మెంబరుగా నిలబడాలనుకుంటున్న రోజులు అవి. ఆ విల్లాల ఓట్లు కూడా ఊరి లిస్టులోకే వస్తాయి. ఆలోచించి చెబుతానన్నాడు. నేను మధ్యలో కలగజేసుకుని నాలుగు మాటలన్నాను, అందులో రెండు అనకూడనివి. సెక్రటరీ నవ్వుతూనే విన్నాడు. విజిట్లకు తమకు ఎప్పుడూ అభ్యంతరం లేదని, ముందు రోజు చెబితే పాస్ ఇస్తామని అన్నాడు. అప్పుడు గోడ పక్కన చాట ముందేసుకుని బియ్యం ఏరుకుంటున్న అవ్వ తలెత్తింది.

"సారూ, నన్ను తెచ్చిననాడు ఆ పలకల ఏం కొడ్తరు? ఎవలింటికి వచ్చిందని కొడ్తరు?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక టీ కప్పు కింద పెట్టాడు. అప్పటి సంగతి అప్పుడు చూద్దామమ్మా అన్నాడు.

"అప్పుడు చూసెతందుకు నేనుండను గద," అని అవ్వ మళ్లీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.

వాళ్లు పోయాక అన్నకూ నాకూ పెద్ద గొడవే అయింది. శ్మశానం అయితే తప్పేమిటని ఆయన, నోరు తెరిచి అవ్వను అడగమని నేను. వదిన మధ్యలో వచ్చి ఇద్దరికీ అన్నం వడ్డించింది కానీ ఎవరం తినలేదు. మర్నాడు సెలవు పెట్టి చేవెళ్ళలో ఒక వకీలు దగ్గరికి పోయాను. నలుదిక్కులా మూసుకుపోయిన జాగాకు బాట ఇవ్వాలని చట్టంలో ఉందన్నాడు. కేసు గెలుస్తారమ్మా అన్నాడు. మీ అమ్మగారు ఉండగా గెలుస్తారో లేదో మాత్రం చెప్పలేను అన్నాడు. కేసు వేశాను. వాయిదాలు నడుస్తున్నాయి. అసోసియేషన్ వాళ్లు వాయిదాకు రారు, వస్తే టైం అడుగుతారు. కోర్టు బయట కూర్చుని కూర్చుని, అక్కడ టీ అమ్మేవాడికి మా రెండు గుంటల కథ మొత్తం తెలిసిపోయింది.

ఇంతలో వానాకాలం వచ్చింది. రెండు నెలలు మధ్యాహ్నం డ్యూటీ చేసి మళ్లీ పొద్దున ట్రిప్పుకు మారిన మొదటి రోజు, మెహిదీపట్నం నుంచి వస్తున్నాను. మా ఊరి స్టేజీలో పనికి పోయే ఆడవాళ్లు ఎప్పటిలాగా ఎక్కారు. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితమే అయినా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి. వరుసగా కొట్టుకుంటూ పోతున్నాను. చివరి సీటులో కిటికీ పక్కన కూర్చున్నామె మోటబాయి అంది. గొంతు విని తలెత్తితే అవ్వ. మెడలో పచ్చ తాడు, తాడుకు కార్డు. కార్డు మీద ఆమె ఫోటో, దాని మీద సిమెంటు అలలాంటిదే ఒక నీలం బొమ్మ.

వెనకనుంచి ఎవరో చిల్లర అడుగుతున్నారు. ఇదేందవ్వా అన్నాను.

"గడ్డి పీకెతందుకు పోతున్న," అంది. "నెల దాటింది. పనోల్లను ఎవ్వలు ఏమడుగుతలేరు బిడ్డా. ఎవలింటికి అంటలేరు, ఫోన్ జెయ్యమంటలేరు. కార్డు సూపెడితే పో అంటరు."

అన్నకు తెలుసా అని అడిగాను. భజనకు పోతున్నానని చెప్పిందట. నాకు తిక్క రేగిపోయింది. ఒకప్పుడు ఆ పొలంలో నాట్లకు పదిమంది కూలీలను పిలిచి, అందరికీ తానే సద్ది మోసిన మనిషి. ఇప్పుడు అదే మట్టిలో, ఇంకొకరి పచ్చిక బయలులో కూలికి కూర్చుంటోంది. దిగకు, నాతో చేవెళ్ళకు రా, ఈ పని మానెయ్ అన్నాను. బస్సులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. అవ్వ ఆధార్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. టికెట్ కొట్టు, నా స్టేజీ వస్తున్నది అంది. కొట్టాను. ఆ మధ్యాహ్నం అన్నకు ఫోన్ చేసి అరిచాను. అన్న కూడా అరిచాడు, ఊళ్లో తన ఇజ్జత్ పోతుందని. ఇద్దరం అరిచినా మర్నాడు ఆమె మళ్లీ బస్సెక్కింది.

వారం తర్వాత నా సెలవు రోజున ఆమె వెంట పోయాను. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. అటూ ఇటూ చూసి, పనివాళ్ల చిన్న తలుపు తెరిచి, బేగి వచ్చీండమ్మా అన్నాడు. తన ఊళ్లో ఇంటి వెనకే సముద్రమట. "ఈ ఇసక చూస్తే నవ్వొస్తాది," అన్నాడు.

లోపల అవ్వ గొంతుక్కూర్చుని గడ్డి తీస్తోంది. పక్కనున్న ఆడవాళ్లకంటే ముందుంది. తీస్తూనే నాకు చెబుతోంది. ఇక్కడ మిరప పెట్టేవాళ్లం, ఇక్కడ నువ్వు పాము చూసి ఏడ్చావు, ఇదిగో ఈ మూల నీళ్లు నిలిచేవి, ఇప్పటికీ నిలుస్తున్నాయి చూడు, ఎంత మట్టి పోసినా వీళ్ల పచ్చిక ఇక్కడ కుళ్లుతుంది అని. నాకు కోపం తప్ప ఏమీ రావడం లేదు. ఆమె మొహంలో కోపం ఏ మూలా లేదు. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

టీ ఇచ్చినప్పుడు అందరూ కొబ్బరిచెట్ల నీడకు పోయారు. ఆమె టీ కప్పు పట్టుకుని సమాధి దగ్గరికి పోయింది. రంగు మొక్కల కంచె లోపల, బయటికి కనబడకుండా, చామంతి నారు పెట్టింది. అప్పుడే మొగ్గ తొడుగుతోంది. బెంచీ మీద కూర్చుని సగం టీ తాగి, మిగతా సగం గద్దె మీద పోసింది. రోజూ ఇట్లాగే చేస్తావా అని అడిగితే, ఆయనకు పొద్దున టీ లేకుంటే పని మీద మనసు పెట్టేవాడు కాదని చెప్పింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. బెంచీ కింద గడ్డి శుభ్రంగా తీసి ఉంది.

సాయంత్రం పని వదిలాక బయటికి వస్తున్నాం. పెద్ద గేటు మూసి ఉంది. చిన్న తలుపు దగ్గర అవ్వ ఆగింది. అందరినీ ముందు పోనిచ్చి, తలుపు చట్రం మీద చెయ్యి వేసి, నన్ను దగ్గరికి పిలిచింది.

"నీ కేసు ఎప్పుడు తెగుతదో ఏమో. ఇది చూసి పెట్టుకో," అంది. "జానతోని కొలిచిన. నలుగురు పక్కపక్కన పడరు. ఇద్దరు ముందుగాల, ఇద్దరు ఎనుక. పాడెను జర పక్కకు వంచాలె. వంచితే పడుతది."

ఏం మాటలవ్వా అవి అన్నాను. నాకు తెలియకుండానే గట్టిగా అరిచి ఉంటాను, వాచ్‌మన్ ఇటు తిరిగాడు. ఆ రోజు వస్తే గేటే పగలగొట్టి తీసుకొస్తామని, ఎవడు ఆపుతాడో చూస్తానని అన్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"గేటెందుకు పలగ్గొడ్తరు? పాపం ఆయన నౌకరి పోతది. కార్డు నా మెడలనే ఉంచుండ్రి, తియ్యకుండ్రి."

ఆడవాళ్లు బస్సు వస్తోందని రోడ్డు మీదినుంచి కేకేశారు. అవ్వ చెంగు దులుపుకుని అటు నడిచింది. నేను వెనక ఉండిపోయాను. వాచ్‌మన్ చూస్తుండగానే ఆ చట్రానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు నేనూ జాన పెట్టి కొలిచాను. వంచితే పడుతుంది.